కాలు కింద పెట్టని కార్యాలయం

రాయగుట్ట పట్నంలో రాళ్ళకు కొదవ లేదు, రాసేవాళ్ళకూ కొదవ లేదు. రాళ్ళు ఊరి బయట గుట్టల్లో ఉంటాయి. రాసేవాళ్ళు ఊరి నడుమ కార్యాలయాల్లో ఉంటారు. రెండు జాతులూ కదలవు. కాకపోతే రాళ్ళ మీదికి బండి ఎక్కించవచ్చు.

అలా ఎక్కించే మనిషి ఊరంతటికీ ఒక్కడే. పేరు ఏకాంబరం కాబట్టి ఏకైకంగా ఉండడంలో వింతేమీ లేదు. బజారు వీధిలో కళ్ళజోళ్ళ అంగడి. వారమంతా జనం చూపు సరిచేసి, ఆదివారం తన ప్రతాపం చూపడానికి గుట్టకు పోతాడు. మనిషికి నలభై ఎనిమిది, బండికి నలభై రెండు. ఇద్దరికీ కీళ్ళ దగ్గరే ఇబ్బంది.

దాన్ని ట్రయల్స్ బండి అంటారు. అతని భార్య కనకవల్లి మాత్రం ట్రబుల్స్ బండి అంటుంది. అది పరుగు పందేల బండి కాదు. బండరాళ్ళ మీదా వాగు గుంతల్లోనూ మనిషి నడకకన్నా నిదానంగా, కాలు కింద ఆనించకుండా పోవడమే దాని పని. అందుకని దానికి సీటుండదు. నిలబడే తోలాలి.

"కూర్చోడానికి చోటు లేని బండికి మీరు పొద్దస్తమానం కూర్చుని సేవ చేస్తారేమండీ?" అంటుంది కనకవల్లి.

సేవ మామూలు సేవ కాదు. పేరులోనే కారడమూ బురదా రెండూ ఉన్నాయి కాబట్టి కార్బురేటరును నమ్మకూడదని ఏకాంబరం సిద్ధాంతం. పదిహేను రోజులకోసారి దాన్ని విప్పి, కళ్ళజోడు మరలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవరుతో పెట్రోలు దారిలోని జెట్టు తీసి, భూతద్దం పెట్టి చూసేవాడు. పాత ఇడ్లీ పాత్రలో గ్రీజు కరిగించి చైను ఉడకబెట్టేవాడు. వెనక చక్రానికి కొత్త షాక్ అబ్జార్బర్లు తెప్పించాడు. పార్సిలు విప్పినప్పుడు షాకు కనకవల్లికి తగిలింది, అబ్జార్బు అతను చేసుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద మార్పు పాదాలు పెట్టుకునే కడ్డీలది. ఆ కాలపు బండ్లలో అవి బాగా ముందుకీ పైకీ ఉండేవి. మనిషి ముక్కాలిపీట మీద నిలబడి నేల మీది డబ్బా తీస్తున్నట్టు వంగి తోలాల్సి వచ్చేది. ఏకాంబరం వాటిని కోయించి, రెండంగుళాలు వెనక్కీ అంగుళం కిందికీ జరిపి, మస్తాన్ దగ్గర వెల్డింగు చేయించాడు. నడుం నొప్పి పోయింది. ముందు చక్రం చెప్పినట్టు లేవడం మొదలెట్టింది. రెండేళ్ళ పని ఆ రోజుతో ముగిసింది.

అప్పుడే కబురొచ్చింది. పాతబండ్ల ట్రయల్స్ పోటీ మొట్టమొదటిసారి రాయగుట్ట క్వారీలోనే పెడుతున్నారని. ఇన్నాళ్ళూ పోటీకి బండిని లారీకెక్కించి మూడు వందల మైళ్ళు పోయేవాడు. ఇప్పుడు పోటీయే గుమ్మంలోకొచ్చింది. ఒక్కటే షరతు: చట్రానికి వెల్డింగు చేసిన బండ్లకు సర్కారువారి ఆమోదపత్రం ఉండాలి. గడువు నాలుగు నెలలుంది. ఒక్క కాగితానికి నాలుగు నెలలు చాలవా అనుకున్నాడు. చూపు దిద్దేవాడికి ముందుచూపు ఉండాలని ఎక్కడా లేదు కదా.

*

జిల్లా వాహన సవరణల ఆమోద కార్యాలయానికి అధిపతి ఉపసంచాలకులు రథాంగపాణి గారు. రథాంగమంటే చక్రం. పేరులో చక్రం చేతిలోనే ఉంది, కార్యాలయంలో చక్రమే తిరగడం లేదు. ఆయన అప్పుడే నగరంలో మూడు రోజుల పరిపాలనా సంస్కరణల శిక్షణ ముగించుకుని, ఏదో ఒకటి సంస్కరించాలన్న దురదతో ఉన్నారు.

"వాహనమును ఆవరణలో ఉంచుడు. ఫైలు ముగియు పర్యంతము వాహనము మా స్వాధీనములో నుండవలెను," అన్నారు. తరవాత కిటికీలోంచి బండి చూసి ముఖం చిట్లించారు. "ఇదేమిటయ్యా, సీటేదీ?"

ఎవరూ అడగని ప్రశ్న కోసం ఏకాంబరం ఇరవై ఏళ్ళుగా జవాబు పట్టుకుని తిరుగుతున్నాడు. కుర్చీ అంచుకు జరిగాడు.

"సీటుంటే బరువు సార్. కూర్చుంటే బండి మీద పట్టు తప్పుతుంది. పోటీ దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని సెక్షన్ అంటారు."

"సెక్షనా? మా దగ్గరా సెక్షన్లే," అన్నారు రథాంగపాణి గారు.

"సెక్షన్‌కో పరిశీలకుడు ఉంటాడు సార్. దాటేలోగా కాలు ఒకసారి కింద పెడితే ఒక మార్కు వేస్తాడు. రెండుసార్లకు రెండు. ఆపైన ఎన్నిసార్లయినా మూడే. పడినా, అసలు బండి ఆగినా ఐదు. మార్కులు ఎంత తక్కువైతే అంత గొప్ప. సున్నా వస్తే ఆ రోజుకు వాడే రాజు."

"సున్నా వస్తే రాజా?" అన్నారు ఉపసంచాలకులు. "ఈ సంగతి తెలియక, పోయిన వేసంగిలో మావాడితో పది రోజులు మాట్లాడలేదు."

తరవాత లేచి నిలబడ్డారు. కుర్చీ వైపు అనుమానంగా చూశారు. ఏకాంబరం చెప్పాల్సిన ముఖ్యమైన ముక్క ఇంకొకటి మిగిలే ఉంది గానీ, అది వినే చెవి అప్పటికే వరండాలోకి వెళ్ళిపోయింది.

*

సోమవారం సర్క్యులరు వచ్చింది.

"విషయము: కార్యాలయ నిర్వహణ – నిరంతర చలన విధానము – ప్రవేశపెట్టుట గురించి. సూచిక: శ్రీ ఏకాంబరం, కళ్ళజోళ్ళ వర్తకులు, మౌఖికముగా విన్నవించిన విషయములు. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, ఆసనమే అలసత్వమునకు మూలమని నిర్ధారణ అయినందున, ఈ కార్యాలయమునందలి యావత్తు ఆసనములును తక్షణమే తొలగింపబడును."

పద్నాలుగు కుర్చీలు గోడౌనుకు పోయాయి. ఉద్యోగులు నిలబడ్డారు. రథాంగపాణి గారు దినామూ ఉదయం ఆవరణలోని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫైలు కోసం వచ్చిన ఏకాంబరాన్ని ఒక ప్రశ్న అడిగి లోపలికి పోయేవారు.

"వెనక చూసే అద్దం లేదేమయ్యా?"

"రాళ్ళ మీద వెనక్కి చూసే పనుండదు సార్."

మర్నాడు పాత రికార్డుల గదికి తాళం పడింది.

"హెడ్‌లైటు?"

"పోటీ పగలే సార్."

ట్యూబులైట్లు విప్పేశారు.

"హారను?"

ఏకాంబరానికి అప్పటికి సంగతి అర్థమైంది. అబద్ధం చెప్పడం రాక "అదీ లేదు సార్" అన్నాడు. టెలిఫోను తీసేశారు. అతని చొక్కాకు మాత్రం "గౌరవ చలన సలహాదారు" అని ఒక ఇత్తడి బిళ్ళ తగిలించారు. పెద్దవాళ్ళకు దగ్గరయితే ఫైలు తొందరగా తెములుతుందని అతని ఆశ. బిళ్ళను రోజూ బ్రాసోతో తోముకుంటున్నాడని కనకవల్లి పక్కింటావిడతో చెప్పింది.

బరువు తగ్గించడం అయ్యాక చలనం మొదలైంది. ఫైలు ఆగకూడదు. చేత్తో పట్టుకుని, సెక్షన్ నుంచి సెక్షన్‌కు నడుస్తూనే ఉండాలి. ఫైలును బల్లకు ఆనిస్తే ఒక మార్కు. బల్ల మీద పెడితే, అంటే ఆగితే, ఐదు. కింద పడినా ఐదే. మార్కులు వేయడానికి సెక్షన్‌కు ఇద్దరు పరిశీలకులు, ఆ ఇద్దరినీ పరిశీలించడానికి మరొకరు, అందరి పైనా ఇంకొకరు, మొత్తం ముప్పై ఒక్కమంది కొత్తగా వచ్చారు. పరిశీలకులు కదిలితే పరిశీలన చెదురుతుంది కాబట్టి వాళ్ళకు ముప్పై ఒక్క కుర్చీలు తెప్పించారు.

పద్నాలుగు మంది నడుస్తున్నారు, ముప్పై ఒక్కమంది కూర్చుని చూస్తున్నారు. దరఖాస్తుదారులు గుమాస్తాల పక్కనే నడుస్తూ గోడు చెప్పుకుంటున్నారు. ట్రాలీకి కొక్కెం మార్చుకున్న ఒక రైతు మూడు రోజులు నడిచి నాలుగో రోజు కాన్వాసు బూట్లు కొనుక్కున్నాడు. ఊళ్ళో చక్కెర జబ్బు డాక్టరు పేషెంట్లకు ఆ కార్యాలయం పేరు రాసిస్తున్నాడని తెలిసింది. వాళ్ళు దరఖాస్తు లేకుండానే పొద్దున్నే వచ్చి వరసలో కలిసిపోతున్నారు.

ఐదో వారం ఏకాంబరం ఉండబట్టలేక అడిగాడు.

"నా ఫైలు ఎంతవరకు వచ్చింది సార్?"

"ఎంతవరకు వచ్చుటేమిటయ్యా, పోవుచున్నది," అన్నారు రథాంగపాణి గారు ఆప్యాయంగా. "నిన్న ఒక్కరోజులో ముప్పై ఏడు చుట్లు తిరిగినది. జిల్లాలో అంత చురుకైన ఫైలు వేరొకటి లేదు. మీరు గర్వపడవలెను."

"సంతకం, సార్?"

"సంతకము పెట్టవలెనన్న ఫైలు ఆగవలెను కదా."

నడుస్తూ సంతకం చేసి చూశారు. ఆయన సంతకం గుట్ట మీది కాలిబాట పటంలా వచ్చింది. ఇది పై అధికారి సంతకం కాదనీ, సంతకాల సరిపోలిక సెక్షన్ ఒప్పుకోదనీ, ఆ సెక్షన్ గుమాస్తా నడుస్తూనే అభ్యంతరం చెప్పి, నడుస్తూనే వెళ్ళిపోయాడు.

బండి మాత్రం ఆగే ఉంది. వానాకాలం వచ్చింది. విచారణలో ఉన్న వస్తువును ముట్టుకోకూడదని కాపలాదారు నాలుగు గజాల అవతలే అతన్ని ఆపేశాడు. కళ్ళజోళ్ళవాడి కంటికి నాలుగు గజాలు ఒక లెక్కా? చైను మీద తుప్పు లంకె లంకెకూ కనబడుతోంది. ఉడకబెట్టి, తుడిచి, బిడ్డకు తల దువ్వినట్టు దువ్విన చైను.

"కనీసం కిక్కు రాడ్డు ఒకసారి తొక్కనీ అన్నా. ఇంజను లోపల రింగులు అతుక్కుపోతాయి."

"ఆర్డరు తెచ్చుకో అన్నా. నేను తొక్కమంటే నన్ను తొక్కేస్తారు," అన్నాడు కాపలాదారు. అతను చెడ్డవాడేం కాదు. తన గొడుగు తెచ్చి కార్బురేటరు మీద పెట్టాడు. గొడుగు విచారణలో లేదు కాబట్టి దాన్ని ముట్టుకోవచ్చు.

*

పోటీ ఆదివారం. ముందటి బుధవారం సాయంత్రం అంగడికి భ్రమరాంబ గారొచ్చారు. ఆ కార్యాలయంలో సీనియర్ సహాయకురాలు, ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. లోపలికి రాగానే ఎదురుగా ఉన్న కుర్చీని చుట్టాన్ని చూసినట్టు చూసి, కూలబడ్డారు.

"నడుస్తూ చదవడానికి అద్దాలేమైనా వచ్చాయా ఏకాంబరం గారూ? అక్షరాలు ఊగుతున్నాయి. పొద్దున మోటారు పంపు ఫైలును మోటారు సైకిలనుకుని అభ్యంతరం రాశాను."

"అలాంటివి ఇంకా రాలేదమ్మా," అన్నాడు ఏకాంబరం.

"రేపు సారు నగరానికి పోతున్నారు. మూడు నెలల్లో మాకు ఒక్క మార్కు పడలేదని కమిషనరు గారికి చూపించడానికి. రెండు రోజులు నేనే ఇన్‌ఛార్జి."

ఏకాంబరం చేతిలో ఫ్రేము పక్కన పెట్టాడు.

"అంటే సంతకం మీదే కదమ్మా."

"ఆ మాట అంటారని తెలుసు. అడక్కండి. ఉత్తమ ఉద్యోగుల జాబితాలో నా పేరు మొదట ఉంది. ఒక్క మార్కు లేదు నాకు. ఆగానంటే ఐదు. రిటైరయ్యేటప్పుడు మచ్చ ఎందుకు?" అని, మళ్ళీ ఆవిడే అడిగారు. "అవునూ, మీరు ఈ ఆటలో ఎన్నిసార్లు సున్నా తెచ్చుకున్నారు?"

ఏకాంబరం బిళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఒక్కసారి కూడా లేదమ్మా."

"ఏమిటీ?"

"పోయినసారి డెబ్బై రెండు. అంతకుముందు ఎనభై ఆరు. రాయి మీద బండి ఒరుగుతుంది. కాలు పెట్టకపోతే పడతాను, పడితే ఐదు. పెడితే ఒకటి. ఆ ఒకటీ పారేసుకుని ముందుకు పోతాను. ఈ ఆటంతా అంతేనమ్మా. ఎక్కడ కాలు పెట్టాలో తెలిసినవాడే అవతలికి చేరతాడు."

భ్రమరాంబ గారు కళ్ళజోడు తీసి అతన్ని ఉత్త కళ్ళతో చూశారు.

"ఈ ముక్క మా సారుకెందుకు చెప్పలేదు?"

"ఆయన లేచెళ్ళిపోయారు. తరవాత బిళ్ళ ఇచ్చారు. అప్పుడు సిగ్గేసింది."

"మీ సిగ్గు చల్లగుండ. మా పద్నాలుగు మందికి మడమలు పగిలాయి," అని ఆవిడ లేచారు. డబ్బీలో జోడు పెట్టుకుంటూ, సంతకం సంగతి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం భ్రమరాంబ గారు చేతిలో ఏకాంబరం ఫైలుతో మూడో సెక్షన్ మీదుగా పోతున్నారు. వెనక పదకొండు మంది గుమాస్తాలు, వాళ్ళ పక్కన దరఖాస్తుదారులు, చివర చక్కెర జబ్బువాళ్ళు. ఏకాంబరం ఆవిడ పక్కనే నడుస్తున్నాడు. ఆదివారానికి ఎంత దూరముందో ఆవిడకూ తెలుసు.

మూడో సెక్షన్ దగ్గర ఆవిడ ఆగారు.

వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. పరిశీలకులు ఈల ఊదారు. మూడు నెలలుగా ఊదే అవసరం రాక ఒక ఈలలో సాలెగూడు పట్టింది, అది మోగలేదు.

"మేడం, ఆగారు," అన్నాడు పరిశీలకుడు కంగారుగా. కార్డు మీద పెన్సిలు పెట్టి వేయాలా వద్దా అని చూస్తున్నాడు.

"కనబడుతూనే ఉందిగా నాయనా. వేసుకో ఐదు. ముందు ఆ కుర్చీలోంచి లే."

వాడు లేచాడు. ఆవిడ కూర్చున్నారు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తీరిగ్గా చదివారు. కడ్డీలు జరిపిన పటం చూసి, "రెండంగుళాలేనా? దీనికా ఇంత?" అన్నారు. సంతకం పెట్టారు. ముద్ర వేశారు. ఏకాంబరానికి ఇచ్చారు.

అతను కాగితం పట్టుకుని దండం పెట్టేలోగానే వెనకనున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఎలాగూ ఆగారు గదా. ఈ ట్రాలీ కొక్కెం కూడా..."

కాన్వాసు బూట్ల రైతు కొక్కెం కాగితం అందుకుని, నిలబడ్డ చోటే బూట్లు విప్పేశాడు. ఆ తరవాత అందరూ ఆగారు. సాయంత్రం ఐదింటికి నూట ఇరవై మూడు ఫైళ్ళు ముగిశాయి. పరిశీలకులు పెన్సిళ్ళు అరగదీసి లెక్క తేల్చారు: ఆరు వందల పదిహేను మార్కులు. ఆ లెక్క నిబంధన ప్రకారం అప్పటికప్పుడు బజారులోని ఫ్యాక్సు మీద నగరానికి పోయింది.

అక్కడ రథాంగపాణి గారు కమిషనరు ఎదుట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. కమిషనరు గారు నివేదిక తిప్పి చూస్తున్నారు.

"సున్నాయా?"

"అవును సార్. మూడు నెలలు ఏకధాటిగా," అన్నారు రథాంగపాణి గారు వినయంగా.

"మూడు నెలల్లో ఒక్క మార్కు తెచ్చుకోలేకపోయావా? పక్క జిల్లా పచ్చదనంలో తొంభై నాలుగు తెచ్చుకుంది. ముప్పై ఒక్కమంది పరిశీలకులను ఇచ్చి, కుర్చీలిచ్చి..."

తక్కువే గొప్ప అని చెప్పడానికి ఉపసంచాలకులు నోరు తెరిచారు. మార్కులు తక్కువొస్తే గొప్ప అని ఈ రాష్ట్రంలో ఎవరికి చెప్పినా నమ్మరని, తెరిచాక తట్టింది. సరిగ్గా అప్పుడే గుమాస్తా వచ్చి శుక్రవారం లెక్క బల్ల మీద పెట్టాడు.

కమిషనరు గారు చదివి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చదివారు.

"ఆరు వందల పదిహేనా? ఒక్క రోజులోనా?" లేచి కరచాలనం చేశారు. "ముందే చెప్పొద్దటయ్యా. రాష్ట్రానికే ప్రథమం."

రథాంగపాణి గారు మనిషి తెలివైనవారు. రైల్లోనే కొత్త సర్క్యులరు రాసేశారు. "మార్కులు అధికముగా సాధించుటయే చలన విధానము యొక్క పరమార్థమై యున్నందున..."

*

శనివారం ఏకాంబరం గొడుగు తీసి కాపలాదారుకిచ్చి, బండి విప్పాడు. జెట్టు మూసుకుపోయింది. బుల్లి స్క్రూడ్రైవరుతో తీసి, ఊది, వెలుగుకు పెట్టి చూశాడు. చైను మళ్ళీ ఇడ్లీ పాత్రలోకి పోయింది. ఆ వాసనకు కనకవల్లి "వచ్చిందా నా సవతి" అంది, అంటూనే పాత్ర కింద మంట తగ్గించింది. తొమ్మిదో కిక్కుకు ఇంజను లేచింది.

ఆదివారం క్వారీలో ఇరవై మూడు బండ్లు దిగాయి. హుబ్బళ్ళి నుంచి వచ్చిన తబస్సుమ్ అనే కాలేజీ లెక్చరరు, బండి తన ఒంట్లో భాగమన్నట్టు తోలి, రోజంతటికీ నాలుగు మార్కులతో ముగించింది. ఏకాంబరం నలభై సెక్షన్లూ దాటాడు. ఎక్కడా పడలేదు, ఎక్కడా ఆగలేదు. కడ్డీలు జరిపిన చోటు అతని కాళ్ళకు తెలిసింది, నడుం ఒక్కసారీ మొరాయించలేదు. యాభై ఎనిమిది మార్కులు. అతని జీవితంలో అంత మంచి లెక్క లేదు. ఇరవై మూడు మందిలో అంత చెడ్డ లెక్కా లేదు. చెమటలు కారుతూ రాయి మీద కూర్చుని, నవ్వుకుంటూ సోడా తాగుతున్నాడు.

ముఖ్య అతిథిగా రథాంగపాణి గారు వచ్చారు. మైకు ముందు మార్కుల పట్టీ పట్టుకుని, కింది నుంచి పైకి చదివారు.

"అత్యధికముగా యాభై ఎనిమిది మార్కులు సాధించి, ప్రథమ స్థానమును అలంకరించినవారు, మా గౌరవ చలన సలహాదారు, శ్రీ ఏకాంబరం గారు."

నిర్వాహకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన చెవిలో ఏదో చెప్పబోతే, ఉపసంచాలకులు సర్క్యులరు ప్రతి ఒకటి ఆయన చేతిలో పెట్టారు. తబస్సుమ్‌ను వేదిక మీదికి పిలిచి భుజం తట్టారు. "నాలుగే వచ్చాయని దిగులుపడకమ్మా. వచ్చే ఏడు కృషి చెయ్యి."

"చేస్తాను సార్," అంది తబస్సుమ్. నవ్వు ఆపుకోవడం ఆమెకు ఆ రోజు దాటిన రాళ్ళన్నిటికన్నా కష్టమైంది.

ఏకాంబరం కప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బరువుగా ఉంది. గొంతు తగ్గించి అన్నాడు, "సార్, ఇది ఆ అమ్మాయిది. నేను చివర వచ్చాను. ఆమెకే ఇచ్చెయ్యండి."

"ఇచ్చిన బహుమానమును మార్చుట యన్న అది సవరణయే కదా," అన్నారు రథాంగపాణి గారు. "దానికొక పద్ధతి ఉన్నది. దరఖాస్తు పెట్టుకొనుడు. విచారణ ముగియు పర్యంతము కప్పు, వాహనము రెండును మా ఆవరణలో..."

"తీసుకెళ్ళిపోండి అన్నా," అంది తబస్సుమ్ పక్క నుంచి. "తొందరగా."

ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా ఏకాంబరం ఆగలేదు. కప్పును హ్యాండిల్‌కు తగిలించి, కిక్కు కొట్టి, రోడ్డు వైపు గాక గుట్ట వైపు తిప్పాడు. రెండు బండలెక్కి, మూడోదాని వెనక్కి దిగి, కనబడకుండా పోయాడు. కప్పు గంటలా మోగుతున్న చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది.

ఉపసంచాలకులు జీపు వైపు చూశారు. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

"అటు దారి లేదు సార్. మన జీపు పోదు."

"సరే," అన్నారు రథాంగపాణి గారు, పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి. "విషయము పురోగతిలో నున్నదని రాసుకో."